నాలుగో చరణం

ఇరవై నాలుగేళ్ల వయసులో నాకు ఒకటే కోరిక ఉండేది. మా గుడి పాటల పుస్తకంలో నా పేరు చూసుకోవాలి.

ఆ పుస్తకంలో ప్రతి కీర్తనకీ పైన రాగం, తాళం, కింద రాసినవారి పేరు ఉంటాయి. మా పాస్టరు అయ్యగారు దేవభూషణంగారి పేరు పదకొండు చోట్ల ఉంది. నేను ఆయన దగ్గర ఉపదేశిని. ఆయన రాలేని ఆదివారాలు వెలగపాలెం లూథరన్ గుడిలో ఆరాధన జరపడం, పిల్లలకి ప్రశ్నోత్తరి వల్లె వేయించడం నా పని.

అయ్యగారి సైకిలుకి గంట లేదు. ఆ అవసరమూ లేదు. ఆయన పాడుకుంటూ వచ్చేవారు, మలుపు తిరక్కముందే పాలెమంతటికీ తెలిసిపోయేది. పాత శుభలేఖల వెనక కీర్తనలు రాసేవారు. ప్రసంగం పావుగంట దాటనిచ్చేవారు కాదు. ఉడికిందో లేదో చూడ్డానికి ఒక్క మెతుకు చాలయ్యా, కుండంతా పిసకక్కర్లేదు అని నన్ను ఆటపట్టించేవారు. ఆయన పోయి చాలా కాలమైంది. ఆ గొంతు తలుచుకోని ఆదివారం ఇప్పటికీ నాకు లేదు.

పుస్తకం మళ్లీ అచ్చు వేస్తున్నారనీ, కొత్త కీర్తనలుంటే పంపమనీ గుంటూరు నుంచి ఉత్తరం వచ్చింది. ఆ మాట మా ఊరెళ్లినప్పుడు అమ్మకి చెప్పాను. అమ్మకి అక్షరం ముక్క రాదు. పుస్తకం రాగానే నీ పేరున్న చోటు చూపించరా, వేలు పెట్టి చూసుకుంటాను అంది. నేను పాట రాయకముందే ఇరుగుపొరుగుకి చెప్పేసింది కూడా.

తొలకరి నాటికి పాట పూర్తయింది. మూడు చరణాలు. నిఘంటువు పక్కన పెట్టుకుని కృపాసాగరా, దీనబాంధవా అంటూ కష్టపడి కట్టిన పాట. అయ్యగారు విని బాగుందన్నారు. ఆడవాళ్లకి నేర్పించమన్నారు.

వాళ్లు దాన్ని నాట్లలోకి తీసుకెళ్లారు. ఒకనాడు గట్టు మీద వెళుతుంటే నా పాట వినపడి, ఉబ్బిపోయి ఆగాను. మూడు చరణాలూ అయిపోయాయి, పాట మాత్రం ఆగలేదు. నాటేవాళ్లలో ఉన్న రాహేలమ్మ గొంతెత్తింది.

చేను మునిగిననాడు చెంతనే ఉన్నావు
చెట్టంత కొడుకు పోతే చెయ్యి పట్టుకున్నావు

కిందటేడు గాలివానలో పోయాడు ఆమె కొడుకు. మిగతావాళ్లు అందుకుని పాడారు. నాటే చేతులు ఆగలేదు గానీ ఇద్దరు ముగ్గురు భుజానికేసి కళ్లు తుడుచుకున్నారు. నా మూడు చరణాలకీ ఎవరూ కళ్లు తుడుచుకోలేదు. నాకు నిజంగా కడుపు మండింది.

రాహేలమ్మ నన్ను చూసి నొచ్చుకుంది.

"మీ పాట గట్టు దాకా చాలటం లేదండీ. సగం మడిలోనే అయిపోతంది. అందుకని ఓ ముక్క అతికించా. తప్పయితే తీసేత్తాం."

అయ్యగారికి ఫిర్యాదు చేసినట్టే చెప్పాను. ఆయన ఆ చరణం నా చేత రెండుసార్లు పాడించుకున్నారు. మూడోసారి తనే పాడారు. అదీ కలిపి పంపమన్నారు.

"రాహేలమ్మ పేరు మర్చిపోకు" అన్నారు.

అలాగేనండి అన్నాను.

ఆ సాయంత్రం తెల్లకాగితం మీద నాలుగు చరణాలూ దిద్దినట్టు రాశాను. కింద నా పేరు రాశాను. కలం అక్కడ కాసేపు ఆగింది. చదువు రాని రాహేలమ్మకి పుస్తకంలో పేరెందుకు అనుకున్నాను. పక్కన ఇంకో పేరుంటే అమ్మ వేలు దేనిమీద పెడుతుంది అనుకున్నాను. కవరు అంటించేశాను.

ఈస్టరుకి వారం ముందొచ్చే మట్టలాదివారానికి ముందురోజు పుస్తకాల కట్ట వచ్చింది. అందులో ఒకటి నాది. అయ్యగారు దాన్ని తీసుకుని నా పాట ఉన్న పేజీ తిప్పారు. నాలుగు చరణాలూ చదివారు. కింద పేరు చదివారు. కళ్లజోడు తీసి తుడుచుకుని మళ్లీ చదివారు.

"అచ్చు బాగా వచ్చింది" అన్నారు. అంతే.

పాట కనపడితే పాడకుండా ఉండలేని మనిషి ఆ పేజీ ముందు కూనిరాగమైనా తీయలేదు.

మర్నాడు ఆరాధన అయ్యాక, జనమంతా మట్టలు పట్టుకుని ఇళ్లకి వెళుతుంటే, అయ్యగారు రాహేలమ్మని ఆగమన్నారు. నన్ను పుస్తకం తెమ్మన్నారు. ముగ్గురం గుడి పక్కగదిలోకి వెళ్లాం. పెళ్లిళ్ల రిజిస్టరు ఉండేది అక్కడే. సంతకం రాని సాక్షుల కోసం సొరుగులో సిరా పెట్టె ఒకటి ఉండేది. అయ్యగారు దాని మూత తీసి బల్లమీద పెట్టారు.

రాహేలమ్మ అలవాటుగా చెంగుతో బొటనవేలు తుడుచుకుంది.

"ఎవరి పెళ్లయ్యగారూ? పెళ్లికూతురేదీ?"

"పెళ్లి కాదమ్మా. నీ పాట అచ్చయింది."

"నా పాటేంటండీ, అది ఆమోసుగారి పాటేగా. ఆయన మంచోడు కాబట్టి నా ముక్క ఉండనిచ్చాడు."

నేను తల దించుకున్నాను. నేల చీలితే బావుండునని అందరూ అంటారు. ఆ మాట ఎందుకంటారో ఆవేళ తెలిసింది.

అయ్యగారు పుస్తకం తెరిచి నా ముందుకి జరిపారు.

"వేలిముద్ర ఎక్కడ వెయ్యాలో ఆమెకి తెలీదు. చోటు నువ్వు చూపించు ఆమోసూ."

రాహేలమ్మ వేలు సిరాలో అద్ది నాకేసి చెయ్యి చాపింది. పట్టుకున్నాను. గరుకు వేలు. కొడవలి కోసిన పాత గాటు ఒకటి అడ్డంగా ఉంది. పేజీ కింద బోలెడంత ఖాళీ ఉంది. అక్కడ వేయిస్తే సరిపోయేది.

నా పేరు మీద పెట్టి నొక్కాను.

అక్షరాలు మునిగిపోయాయి. గాటుతో సహా వేలి గీతలన్నీ పేజీ మీద తేలాయి.

"అయ్యో, అచ్చు పాడైందేమో చూడండి" అంది రాహేలమ్మ.

అయ్యగారు చూశారు. చూస్తూ చూస్తూ నాలుగో చరణం మెల్లగా అందుకున్నారు. నాకు ఏడుపు ఆగలేదు. కన్నీళ్లు పేజీ మీద పడతాయేమోనని పుస్తకం మూయబోయాను. ఆయన నా చెయ్యి పట్టుకుని ఆపారు.

"ఆరనీ. అప్పుడే మూయకు."

ఈస్టరు తర్వాత మా ఊరు వెళ్లి ఆ పేజీ అమ్మ ఒళ్లో తెరిచి పెట్టాను. నీ పేరేదిరా అంది అమ్మ. ఆమె వేలు పట్టుకుని రాహేలమ్మ వేలిముద్ర మీద పెట్టాను.