గింజల్ని పేరు పెట్టి పిలిచిన నూకాలు

అనగనగా ఒక ఊరు. పెద్ద ఊరేం కాదు చిట్టితల్లీ, గోదారి అవతల అడవిలో ఇరవై గడపల కోయగూడెం. అక్కడ నూకాలని ఓ గడుగ్గాయి ఉండేది. అమ్మ ఆ గూడెం పిల్లే. నాన్నేమో సముద్రం ఒడ్డు నుంచి ఎండుచేపలు అమ్ముకోడానికొచ్చి, అమ్మను చేసుకుని అక్కడే ఉండిపోయాడు.

ఆ గూడెంలో విత్తనాల పండక్కి ఒక కట్టుబాటు. ఒకరు నిలబడి ఒక్కో గింజనీ కోయమాటలో పేరు పెట్టి పిలవాలి. పిలిస్తేనే ఆ గింజ ఉన్నవాళ్ళు దోసెడు తెచ్చి బుట్టలో పోస్తారు. పిలవని గింజ ఆ ఏడు చేలోకి పోదు. అంతే!

ఆ పేర్లన్నీ తెలిసింది ముసలి ఇడమవ్వ ఒక్కదానికే. మిగతావాళ్ళు వింటే పోల్చుకుంటారు గానీ, తెలుగులో పడి తామే చెప్పడం ఏనాడో మరిచారు. పండగ మూడు రోజులుందనగా అవ్వ గొంతు పోయి, గుసగుసే మిగిలింది. అప్పుడు "నేను పిలుస్తా!" అని నూకాలు ఎగిరి గంతేసింది.

గూడెం పెద్ద ఉంగయ్య నవ్వాడు. "మీ అయ్య చేపలోడు. నీ నోట మన మాట పలుకుద్దా పిల్లా?"

నూకాలుకి ఒళ్ళు మండింది, ఏడుపూ వచ్చింది. నేనీ గూడెం పిల్లని కాదా, అనుకుంది.

మొదటి రోజు పుస్తకం పట్టుకుని "చెప్పవ్వా!" అని కూర్చుంది. అవ్వకి ఒక్క పేరూ గుర్తురాలేదు. ఉత్త చేతులతో కూర్చుంటే పేర్లెక్కణ్ణుంచి వస్తాయి? రెండో రోజు పుస్తకం గూట్లో పడేసి, అవ్వతోపాటు చేట పట్టి గింజలు చెరిగింది. అప్పుడు చేతికి గింజ తగిలేసరికి అవ్వ పెదాలు కదిలాయి! నూకాలు చెవి ఒగ్గి విన్నది. మూడో రోజుకి అవ్వ చెప్పిన పన్నెండు పేర్లూ నోటికొచ్చేశాయి.

ఆ తర్వాత పండగ పొద్దున రాయెక్కి పిలిచింది. ఎలాగనుకున్నావ్? అచ్చం వాళ్ళ నాన్న చేపలమ్ముతూ కేకేసినట్టు, సాగదీసి, కొండ మారుమోగేలా! మాటేమో అమ్మది, కేకేమో నాన్నది. తలుపులు టపటపా తెరుచుకున్నాయి. కొర్రలొచ్చాయి, సామలొచ్చాయి, జొన్నలొచ్చాయి. బుట్ట నిండిపోయింది.

పన్నెండూ అయ్యాక, ఉంగయ్య ఓ చిన్న కుండ ఎత్తుకుని వచ్చాడు. కళ్ళనిండా నీళ్ళు.

"ఇది మాయమ్మ గింజ. అవ్వ కూడా మరిచింది. ఎవరూ పిలవరని పెరట్లోనే నాలుగు మొక్కలేసి కాపాడుకొస్తన్నా. దీన్నీ పిలవ్వే, మన గూడెం బిడ్డా" అని చెవిలో పేరు చెప్పాడు.

అప్పుడు నూకాలు ఎంత గట్టిగా పిలిచింది చూడూ, గూడెం గూడెమంతా చెవులు మూసుకుని మరీ నవ్వింది! ఆ ఏడు చేలో పదమూడు రకాలు మొలిచాయి.

కథ వెళ్ళె కంచికి,
మనమొస్తిమి ఇంటికి,
నిద్దరేమో కంటికి!