రాజుగారి వెబ్‌సైట్, పోలయ్య డప్పు

రాజులూ వెబ్‌సైట్లూ ఒకే కాలంలో ఉన్నాయనుకోండి. మల్లెలకోట రాజుగారికి సొంత వెబ్‌సైట్ మీద మోజు పుట్టింది. "మౌస్‌తో లాగి వదిలితే చాలు, పేజీ తయారు!" అంటూ వర్తకులు రకరకాల సాఫ్ట్‌వేర్లు తెచ్చి కుప్పపోశారు.

రాజుగారు అన్నిట్లోనూ స్వయంగా పేజీ చేసి చూశాడు. ఎందులో చేసినా ఆయన ఫొటో ఒక్కటే కనిపిస్తోంది తప్ప, జనానికి చెప్పాల్సిన శిస్తు మాఫీ కబురు కనిపించడం లేదు. ఏది మంచిదో తేలక ఆయనకు తల తిరిగిపోయింది. చివరికి దండోరా వేసే పోలయ్యను పిలిపించాడు.

"వీటిలో మంచిదేదో చెప్పరా. తప్పు చెప్పావో, నీ డప్పు లాక్కుంటా!"

పోలయ్య అన్నీ చూశాడు. "ఏదైనా ఒకటే ప్రభూ. కబురు తమరి ఫొటో కిందే ఉంది. తమరు ప్రతిసారీ ఫొటోనే పెద్దది చేస్తున్నారు."

రాజుగారికి ఒళ్లు మండింది. "మరి నీ కబురు ఊరందరికీ ఎలా చేరుతోందిరా?"

"నా డప్పు మీద నా బొమ్మ లేదు ప్రభూ."