మెట్టమీద ఇళ్లు

ప్రశ్న అడిగితే ఆశ్రమం గురువు చిదంబరయ్య గారు కూర్చుని జవాబు చెప్పిన రోజు లేదు. కండువా భుజాన వేసుకుని లేచేవారు. అడిగినవాడు వెంట నడవాల్సిందే.

ఆ ఏడాది ఏటికి వరద వచ్చి పల్లపు వీధి గుడిసెలను ఊడ్చుకుపోయింది. ఊరివాళ్లు మెట్టమీద ఎనిమిదెకరాలు ఇళ్లకని విడిచిపెట్టి, ఎవరెవరికి ఇల్లు అవసరమో తేల్చే పనిని ఆశ్రమానికి అప్పగించారు. గురువుగారు దాన్ని నీలాద్రికి ఇచ్చారు. చురుకైన శిష్యుడు. మూడు రోజులు ఎండనపడి తిరిగి, నలభై రెండు ఇళ్లు కావాలని రాసుకొచ్చాడు.

"ఒక్క గడప కూడా వదల్లేదు గురువుగారూ. ఈ జాబితా తప్పడానికి ఇంకా వీలుంటుందా?" అని అడిగాడు. అడిగాడే గాని, ఉండదనే అతని నమ్మకం.

"ఏమని అడిగావు?"

"మీకు ఇల్లు కావాలా అని. ఇంటి పెద్దనే అడిగాను."

గురువుగారు లేచి, జాబితాలో 'అక్కర్లేదు' అని ఉన్న లోకనాథం ఇంటికి దారి తీశారు. పెద్ద వీధిలో పెంకుటిల్లు అది. లోకనాథం మంచం వాల్చి, "మాకేం లోటు సామీ, తాతలనాటి ఇల్లు" అన్నాడు. నీలాద్రితో అన్నమాటా అదే. గురువుగారు తలూపి, మజ్జిగ తెచ్చిన చిన్నకోడలిని అడిగారు.

"అమ్మా, ఈ ఇంట్లో ఎవరెవరు ఎక్కడ పడుకుంటారు?"

ఆ పిల్ల మామగారి వైపు ఒకసారి చూసి, మెల్లగా చెప్పుకొచ్చింది. నడవలో అత్తమామలు. గదిలో బావగారూ, తోటికోడలూ, ముగ్గురు పిల్లలూ. తనూ పెనిమిటీ వంటింట్లో, పొయ్యి చల్లారాక. "గున్నమ్మ చిన్నత్తకి తిండి ఇక్కడే. పడక మాత్రం బడి వరండాలో."

లోకనాథం తల దించుకున్నాడు. "చాలట్లేదని నలుగురిలో ఎలా చెప్పుకోను సామీ?"

గున్నమ్మ అతని తమ్ముడి భార్య, భర్త పోయిన మనిషి. పెరట్లో పశువులకు గడ్డి వేస్తోంది. నీలాద్రి అక్కడికి వెళ్లి, "మొన్న వచ్చినప్పుడు నువ్వైనా చెప్పలేదేమమ్మా?" అన్నాడు.

"నన్నెవులడిగినారు బాబూ?" అందామె, చెయ్యి ఆపకుండానే. "నువ్వు గడపగడపకీ ఎల్నావు. నాకు గడప నేదు గదా."

నీలాద్రి జాబితా మడిచి జేబులో పెట్టుకున్నాడు. మర్నాడు పొద్దున్నే మొదటి ఇంటినుంచి మళ్లీ మొదలుపెట్టాడు, ఈసారి గురువుగారు అడిగిన ప్రశ్నతో. ఆడవాళ్లు పని ఆపి మరీ చెప్పారు. విడిపోతామన్న అన్నదమ్ములు ఇద్దరు, కలిసే ఉంటామని పేర్లు కొట్టేయించుకున్నారు. మగ్గం పట్టే పొడుగు గది కావాలన్నవాళ్లు నలుగురు తేలారు. మెట్లెక్కలేని ముసలివాళ్లు ఏడుగురు. పదో రోజుకి అరవై ఏడు ఇళ్లయ్యాయి. గున్నమ్మ పేరిట ఒకటి.

"ఇప్పుడు సరిపోయింది గురువుగారూ," అన్నాడు నీలాద్రి, ఈసారి నిజంగా ధైర్యంతోనే. "రేపే పునాదులకు ముగ్గు పోయిద్దాం."

చిదంబరయ్య గారు జాబితా చివరిదాకా చదివి, మొదటిసారి నవ్వారు.

"పోయించు. పోయించేముందు, ఈ మాఘంలో ఊళ్లో పెళ్లిళ్లెన్నో కనుక్కున్నావా?"