పైడితల్లి పాడని పాట

మణిగిరి రాజ్యంలో ఏటా వసంతోత్సవం నాడు పాటల పోటీ జరిగేది. గెలిచినవారికి రాజుగారు స్వర్ణకంకణం తొడిగేవారు. తీర్పు చెప్పేది ఆస్థాన విద్వాంసుడు విరూపాక్షశర్మ. ఆయన కళ్లు మూసుకుని వినేవాడు. గంట మోగగానే కళ్లు తెరిచి తీర్పు చెప్పేవాడు. కంకణం మాత్రం ప్రతిసారీ ఆయన శిష్యులకే దక్కేది.

నాట్లు వేసే పైడితల్లి మూడేళ్లు వరసగా పాడింది. మూడేళ్లూ ఒకటే మాట: "గొంతు బాగుంది గానీ, చరణంలో శ్రుతి తప్పింది." నిజంగా తప్పిందా అని ఆమె ఏడాది పొడుగునా మథనపడేది. చివరికి ఆమెకొక అనుమానం వచ్చింది.

నాలుగో ఏడు పైడితల్లి వేదికెక్కి, నోరు విప్పకుండా ఊరికే నిలబడింది. సభ విస్తుపోయింది. ఏం జరుగుతుందో చూద్దామని రాజు అందరినీ సైగతో ఊరుకోబెట్టాడు. గంట మోగింది.

శర్మ కళ్లు తెరిచి, "గొంతు బాగుంది గానీ, చరణంలో శ్రుతి తప్పింది" అన్నాడు.

సభంతా గొల్లున నవ్వింది. "ఎందుకు పాడలేదమ్మా?" అని అడిగాడు రాజు.

"తప్పు నా గొంతులో ఉందో, వారి చెవిలో ఉందో తెలుసుకోవాలనిపించింది ప్రభూ. పాడితే తెలియడం లేదు."

రాజు శర్మను లేపి, ఆ పీఠం మీద తానే కూర్చుని, "ఇప్పుడు పాడు తల్లీ, నేను వింటాను" అన్నాడు.

ఆమె అందుకుంది. రెండో చరణానికల్లా వెనక వరసల్లోని కూలి ఆడవాళ్లంతా గొంతు కలిపారు. కంకణం తొడగడానికి రాజు చాలాసేపే ఆగవలసి వచ్చింది.