సొంతిల్లుంటేనే బండి

వెనకటికి ఒక రాజుగారు పట్నంలో జనం తిరగడానికి గూడుబళ్ళు వేయించి, ఎవరైనా ఊరికే ఎక్కవచ్చన్నారు. బళ్ళ అధికారి భుజంగరావు మాత్రం, "సొంతిల్లు లేనివాళ్ళు ఎక్కకూడదు. వాళ్ళు ఎక్కితే ఇక దిగరు," అని తనే ఒక నియమం పెట్టాడు.

నూకాలుకి ఇల్లు లేదు. భుజంగరావు ఉండే ఇంటి గోడవారనే పడుకునేది. ఆ ఇంటి గొడవలన్నీ ఆమె చెవిన పడేవి. ఇప్పుడు మోకాలు వాచి అడుగు పడటంలేదు. వైద్యుడేమో పట్నం ఆ చివర ఉన్నాడు. కుంటుకుంటూ వచ్చి బండి మెట్టు మీద కాలు పెట్టింది.

"దిగు! ఇల్లుందా నీకు?" అని బండిలోంచి కసిరాడు భుజంగరావు.

నూకాలు ఆయన్ని వదిలేసి, పక్కనే కూర్చున్న ఆయన అత్తగారు సూరమాంబతో వినయంగా అంది: "ఇల్లంటే అయ్యగారిదేనమ్మా! ఎంత బాగా కట్టించుకున్నారో!"

సూరమాంబ భగ్గుమంది. "ఈయన కట్టించాడా? ఇల్లరికానికి భుజాన తువ్వాలుతో వచ్చాడు! ఆ ఇంట్లో తువ్వాలు తగిలించుకునే మేకు కూడా నాదే!"

"అయ్యో, అయితే అయ్యగారు కూడా దిగాలేమో," అంది నూకాలు జాలిగా.

"నేను దిగను!" అని గూడు గట్టిగా పట్టుకున్నాడు భుజంగరావు.

"నిజమేనమ్మా. ఇల్లు లేనివాళ్ళు దిగరని అయ్యగారు ముందే చెప్పారు."

బండిలో అందరూ పొట్టలు పట్టుకుని నవ్వారు. భుజంగరావు మీసం సర్దుకుని, "ఎక్కు. ఆ నియమం మారింది," అన్నాడు.

"ఎప్పుడు మారిందయ్యా?" అని అడిగాడు బండివాడు.

"మా అత్తగారు నోరు తెరిచినప్పుడు. తోలరా!"