యాక్సిలరేటర్ మీద గజ్జెకాలు

పేరయ్య దాసుగారిని ప్రశ్న అడిగితే వెంటనే జవాబు రాదు. ఒకే కీర్తన పొద్దున ఒకలాగా, సాయంత్రం ఒకలాగా ఎందుకు పలుకుతుందని నా జుట్టు నల్లగా ఉన్న రోజుల్లో అడిగాను. తల ముగ్గుబుట్టయ్యాక ఒక చలికాలం వేకువన నన్ను లేపి, "ఇప్పుడు వాయించు" అన్నారు. ఆయన హరికథలకు హార్మోనియం వాయిస్తూనే నేను ముసలిదాన్నయ్యాను. ఆయన సంగతులు నాకు తెలిసినంతగా ఆయనకే తెలియవు.

శిష్యురాలు హైమ అడిగిన ప్రశ్నకు మాత్రం అదే రోజున జవాబు దొరికింది. అదీ ఆయన పాత కారు పుణ్యాన.

హైమ గొంతెత్తితే పక్క తాలూకాలో ఉయ్యాలలోని పిల్లలు లేచి కూర్చునేవారు. పద్యాలు, కీర్తనలు, పిట్టకథలు రెండెడ్ల బండికి ఎత్తినా ఇంకా మిగిలేటన్ని నోటికి వచ్చు. అయినా రెండుసార్లు సభలో నిలబెడితే రెండుసార్లూ కథ కదలలేదు. నోరు తెరుస్తూనే వచ్చినవన్నీ ఒక్కసారిగా కుమ్మరించేది. మిథిల పొలిమేర చేరేలోపే ఏది ముందో ఏది వెనకో తెలియక, ఊపిరాడక, నిలిచిపోయేది. ఆ శ్రీరామనవమి నాడు గజ్జె కట్టుకుంటూ అడిగేసింది.

"గురువుగారూ, నేను చేసినంత సాధన ఎవరు చేస్తారు? నా కథ ఎందుకు కదలదు? ఇవాళ చినకొత్తపల్లి పందిట్లో కూడా కదలకపోతే ఈ గజ్జెలు మీ పాదాల దగ్గర విప్పేసి వెళ్లిపోతాను. మళ్లీ కట్టను."

దాసుగారు ఆకాశంలోకి చూసి, "పదమ్మా, ఎండెక్కుతోంది" అన్నారు.

ఆ ఇంటి ఆనవాయితీ ఒకటుంది. గజ్జె గడప దాటకముందే కట్టాలి, మంగళం పాడాకే విప్పాలి. దాసుగారికి చూపు తగ్గినప్పటినుంచీ కారు నడిపేది హైమ. కాబట్టి గజ్జెకాలితోనే నడిపేది. ఆ కారు వయసు ఎంతో ఎవరికీ తెలియదు. రాముణ్ని అడవి దాకా దింపి వచ్చిన రథానికి చక్రాలు మార్చి రంగు వేశారేమోనని నా అనుమానం.

చినకొత్తపల్లి ముందు రైల్వే గేటు పడింది. హైమ ఇంజను ఆపి, ఊరికే కూర్చోలేక సీతాకల్యాణం నెమరు వెయ్యసాగింది. చేతులు స్టీరింగు మీద ఉన్నాయి గాని కాలు ఊరుకుంటుందా? యాక్సిలరేటర్ మీద తాళం వెయ్యడం మొదలుపెట్టింది. ఘల్లు ఘల్లు, ఘల్లు ఘల్లు. ఆ రైలు కాశీలో గంగాస్నానం చేసి తడిబట్టలు ఆరేసుకుని బయల్దేరినట్టుంది. అది వచ్చేసరికి లోపల కల్యాణం పూర్తయి అప్పగింతలు జరుగుతున్నాయి. దాసుగారు కళ్లు మూసుకుని గజ్జెల చప్పుడు వింటూ మీసాల్లో నవ్వుకున్నారు. నేను చూశాను.

గేటు లేచింది. హైమ తాళంచెవి తిప్పింది. బండి దగ్గింది, మూలిగింది, మూగదైపోయింది. హైమ టకటకా తొక్కి మళ్లీ తిప్పింది. పెట్రోలు వాసన గుప్పుమంది. పైన ఎగురుతున్న కాకి ఒకటి మత్తెక్కి తూలుతూ చేలో దిగింది.

వెనక హారన్లు. "చోక్ లాగండి!" అని ట్రాక్టరు మీదాయన. "ఇంకా తొక్కమ్మా, గట్టిగా తొక్కు!" అని లారీ మీద నుంచి ఒకడు. మా మద్దెల అప్పలస్వామి మద్దెలను పసిపిల్లలా కావిలించుకుని, "తోద్దామంటే తోద్దాంగాని, దీన్నెవరు ఎత్తుకుంటారు?" అన్నాడు.

"ఆలస్యమైతే మన బదులు సినిమాపాటల వాళ్లని ఎక్కిస్తామన్నారు గురువుగారూ!" హైమ కళ్లలో నీళ్లు. కాలు మాత్రం ఆగలేదు.

"అమ్మాయీ, కాలు తియ్యి."

"తొక్కకపోతే ఎలా కదులుతుందండీ?"

"నువ్వు తాళం వేసినంతసేపూ అది పెట్రోలు ముక్కుదాకా తాగి ఉంది. కాస్త గాలి పీల్చుకోనీ."

బండిని పక్కకు తోయించి, బానెట్ ఎత్తించి, ఎవరూ చెయ్యి పెట్టకుండా చేతికర్రతో కాపలా నిలబడ్డారు. గేటు దగ్గర ముంజలు అమ్ముతుంటే కొని తలా ఒకటి పెట్టారు. ఏమీ చెయ్యకుండా ఉండడం మగవాళ్లకు పురిటినొప్పులకంటే కష్టమని నాకు ఆ రోజే తెలిసింది. అప్పలస్వామి బానెట్‌లోకి వంగిన ప్రతిసారీ వీపున కర్ర తగిలింది. హైమ మొదట తిననంది. తర్వాత ఒకటి కొరికింది. నీళ్లు మోచేతిదాకా కారితే తనకే నవ్వొచ్చింది.

దాసుగారు ఇంజను దగ్గర వంగి వాసన చూశారు. "ఇప్పుడు కాలు అడుగుదాకా నొక్కి అలాగే ఉంచు, లోపలికి గాలి పోనీ. గజ్జె మోగకూడదు. ఇక తిప్పు."

గజ్జె మోగలేదు. బండి ఒకసారి తుమ్మి, గుప్పున నల్లపొగ వదిలి, అరిచింది. ఆ పొగకు పొద్దుగూకిందనుకుని ఊళ్లో కోళ్లన్నీ గూళ్లకు చేరాయి.

పందిట్లో పాటలవాడు అప్పటికే మైకులోకి ఊదుతున్నాడు. హైమ వాడి పక్కనుంచి వేదికెక్కి చిడతలు పట్టుకుంది. నేను శ్రుతి పట్టాను. హైమ నోరు తెరవలేదు. పందిట్లో గుసగుసలు మొదలయ్యాయి, పెరిగాయి, తగ్గాయి, ఆగిపోయాయి. పానకం గ్లాసులు నోటిదాకా వచ్చి నిలిచాయి.

"పిన్నిగారూ, అయిపోయిందా మన పని?" అన్నాడు అప్పలస్వామి, చెమటలు కక్కుతూ.

నేను దాసుగారి వైపు చూశాను. ముందు వరసలో కూర్చుని, బానెట్ దగ్గర చూసినట్టే వాసన చూస్తున్నారు.

"జనకుడి ఇంట్లో ఒక విల్లు ఉండేది" అంది హైమ, పక్కింటి సంగతి చెప్పినట్టు.

కథ కదిలింది. కదిలాక దాన్ని ఆపడం ఎవరి తరం? విల్లు విరిగిన చప్పుడుకు కాకినాడ ఓడల్లో దీపాలు అదిరాయి. తలంబ్రాల వేళకు పాటలవాడే దోసిళ్లతో అక్షింతలు చల్లుతున్నాడు.

మంగళం పాడాక, కారు దగ్గర హైమ గురువుగారి కాళ్లకు దణ్ణం పెట్టింది. "పొద్దున నేను అడిగినదానికి మీరు ఇంకా..."

"గజ్జెలు విప్పెయ్యమ్మా" అన్నారు దాసుగారు.

హైమ ముఖం వెలవెలబోయింది.

"బండి నడపాలిగా" అన్నారాయన, కారెక్కి కాళ్లు బారజాపుకుంటూ. "రేపు మళ్లీ కడదాం."