మొగం తిప్పుకున్న మబ్బులమ్మ

పూర్వం, పడమటి మెట్టసీమలో కరువు మీద కరువు వచ్చి ముళ్లకంప కోసం మేకలు జగడమాడుకునే రోజుల్లో, అక్కులప్ప అనే కాపరి తన బలగంతో తూర్పు సముద్రతీరానికి వలస వచ్చాడు. అతని భార్య మద్దిలేటమ్మ తమ ఊరి వానదేవత మబ్బులమ్మ శిలను గంపలో పెట్టుకుని నెత్తిన మోసుకొచ్చింది. దారి పొడుగునా గంప మోసింది ఆమె, అలసిపోయింది అక్కులప్ప.

మబ్బులు సముద్రం మీదినుంచే వస్తాయని తెలిసి, వారు అమ్మను ఇసుకదిబ్బపై కప్పు లేకుండా తూర్పుముఖంగా నిలిపి, అలవాటు కొద్దీ "వాన పంపు తల్లీ" అని వేడుకునేవారు. అడక్కుండానే ముంచేసే చోట వాన అడుగుతున్నారని జాలరులు నోళ్లు నొక్కుకున్నారు. జాలరుల ఇళ్లు గుండ్రంగా, తాటాకు చూరు మోకాళ్లను తాకేలా ఉండేవి. అక్కులప్ప మాత్రం తమ సీమ పద్ధతిలో ఎత్తయిన మట్టిమిద్దెలు కట్టించాడు.

"అన్నా, ఇక్కడి గాలికి ఇల్లయినా మనిషయినా వంగాల్సిందే," అంది పొరుగింటి జాలరి ఎరకమ్మ.

"మేము మబ్బులమ్మకు తప్ప ఎవురికీ వంగం."

"అయితే గోడ కింద పడుకుందువుగాని," అని ఆమె చేపలబుట్ట ఎత్తుకుని వెళ్లిపోయింది.

ఆ కార్తీకమాసంలో తుపాను వచ్చింది. మిద్దెలు నాని ఒక్కొక్కటే కూలుతుంటే, వలస వచ్చినవారంతా మేకలతో సహా ఎరకమ్మ ఇంట్లో దూరారు. చూరు కింద అక్కులప్ప వంగిన తీరు చూసి మేకలు కూడా గౌరవంగా తప్పుకున్నాయని చెబుతారు.

మిట్టమధ్యాహ్నం గాలి ఉన్నట్టుండి ఆగి, ఎండ కాసింది. మెట్టసీమలో వాన నిలిచిందంటే నిలిచినట్టే. అందుకని వారు పిల్లాపాపలతో అమ్మకు మొక్కు చెల్లించడానికి డప్పులు పట్టుకుని దిబ్బ ఎక్కారు. ఎరకమ్మ వెనకాలే పరుగెత్తుకొచ్చింది.

"ఒదినా, ఇది సగమే! రెండోగాలి అటునుంచి తిరగబడుద్ది. లోపలికి రండి!"

"అమ్మ సముద్రానికి ఎదురుగా నిలబడుంటే మేము చూరు కింద దాంకోవాల్నా?" అన్నాడు అక్కులప్ప. బలగమంతా తల ఊపింది. తల ఊపడంలో ఆ బలగాన్ని మించినవారు నేటికీ లేరు.

ఇన్ని ఆమడలు మోసిన తల్లిని గాలికి వదిలి మద్దిలేటమ్మ రాలేకపోయింది. అలాగని పసివాళ్లను గాలికి అప్పగించనూ లేకపోయింది. దారి చూపమని అడగడానికి శిల ముందుకు వెళ్లింది. ముఖం ఉండవలసిన చోట వీపు కనిపించింది. అమ్మ సముద్రానికి వీపు పెట్టి, ఎరకమ్మ ఇంటివైపు చూస్తోంది.

"అమ్మే ఇంటిపక్క మొగం తిప్పుకునింది. ఆమెకంటే మొనగాడివా నువ్వు? పద!"

చివరి మనిషి లోపలికి వచ్చి తడిక బిగించేసరికి రెండోగాలి విరుచుకుపడింది. తెల్లవారి చూస్తే, వారు నిలబడిన దిబ్బలో సగం సముద్రంలో కలిసిపోయింది. అమ్మ మాత్రం అలాగే ఉంది. మనుషుల్లో ఒక్కరికీ ఆపద రాలేదు. అడుగున ఇసుక కోసుకుపోయి రాయి తిరిగిందనేవారు ఉన్నారు. ఆ ఇసుకను కోసిందెవరని అడిగితే వారు పొగాకు కోసం మొల తడుముకుంటారు.

ఆనాటినుంచి ఆ ఊరు పెడమొగందిబ్బ అయింది. తర్వాత అమ్మకు కట్టిన గుడి నేటికీ గుండ్రంగా, తాటాకు కప్పుతోనే ఉంది, వాకిలి నడుమెత్తే. వంగనివారి సంగతి ద్వారబంధం చూసుకుంటుంది. కార్తీకంలో జాతర జోరుగా సాగుతుండగా డప్పులు ఒక్కసారిగా ఆగిపోతాయి. మళ్లీ మోగేవరకు ఎవరూ లేవకూడదు. ఏటా ఎవరో ఒక కొత్త అల్లుడు జాతర అయిపోయిందనుకుని, పంచె దులుపుకుంటూ లేస్తాడు. వెనకనుంచి ఒక ముసలమ్మ ఆ పంచె కొంగు పట్టి లాగుతుంది.

"కూకో నాయనా, ఇంకా సగమే అయింది."